రోగనిరోధక కణాలే మందుగా: మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సలో ఆశ, ఆధారం

(స్మారక ఉపన్యాస పాఠం)



ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమో ఆ గురువుగారిని ఆసుపత్రిలో వార్డుబాయ్ మొదలు ప్రొఫెసర్ల దాకా అందరూ పెద్దసారు అనే పిలిచేవారు. సి.టి. స్కాను కూడా అరుదైన రోజుల్లో సుత్తి, గుండుసూది, ట్యూనింగ్ ఫోర్కు, టార్చిలైటు పట్టుకుని నాడీమండలంలో జబ్బు ఏ మూల ఉందో చెప్పిన తరం ఆయనది. రోగి మంచం పక్కన నిలబెట్టి మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగేవారు. జబ్బు ఎక్కడుంది? ఎందుకొచ్చింది? మనం ఏం చేయగలం? మొదటి రెండింటికి ఎంత బాగా జవాబు చెప్పినా మూడోదాని దగ్గర నీళ్లు నమిలితే ఊరుకునేవారు కాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) విషయంలో ఆ మూడో ప్రశ్నకు ఆ రోజుల్లో స్టెరాయిడ్ తప్ప ఎవరి దగ్గరా పెద్దగా జవాబు లేదు. ఇవాళ ఉంది. అందులో రుజువైంది ఎంత, ఇంకా ఆశగానే ఉన్నది ఎంత అన్నది విడదీసి మీ ముందు పెట్టాలన్నదే నా ప్రయత్నం. ఆయన అడిగిన వరుసలోనే చెబుతాను.

ఎక్కడుంది?

1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో ఈ జబ్బుకు స్పష్టమైన రూపురేఖలు గీశాడు. బతికుండగా రోగుల్లో తాను చూసిన లక్షణాలను, అంటే కళ్లు అదరడం, చెయ్యి చాచితే వణకడం, మాట ముక్కలు ముక్కలుగా రావడం వంటివాటిని, చనిపోయాక మెదడులో, వెన్నుపాములో కనిపించిన గట్టి మచ్చలతో జత చేసి చూపించాడు. ఆ మచ్చల దగ్గర నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొర ఊడిపోయి ఉంటుంది. మైలిన్ ఉన్న నరంలో సంకేతం వేగంగా నడుస్తుంది. అది పోతే నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. ఊడిన పొర కొంతవరకు మళ్లీ పెరుగుతుంది. కానీ పొర లేకుండా ఎక్కువ కాలం ఉన్న నరం చచ్చిపోతుంది, చచ్చిపోయిన నరం తిరిగి రాదు. ఈ తేడాను దయచేసి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా దాని మీదే నిలబడి ఉంది.

మా ఓపీలో ఈ జబ్బు తరచూ ఎలా బయటపడుతుందో చెబుతాను. డిగ్రీ చదివే అమ్మాయికి ఒక ఉదయం కుడి కన్ను మసకేస్తుంది. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. కళ్లజోళ్ల షాపులో చూపిస్తే సైటు లేదంటారు. మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. సెల్‌ఫోను ఎక్కువగా చూడటం వల్లేనని ఇంట్లోవాళ్లు మందలించి ఊరుకుంటారు. మరుసటి ఏడాది నడుము కింది నుంచి తిమ్మిరి మొదలవుతుంది. తల వంచితే వెన్ను వెంట కరెంటు పాకినట్టు జిల్లుమంటుంది. ‘నరాల బలహీనత’ అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు పడతాయి. అవి పడుతుండగానే తిమ్మిరి తగ్గుతుంది కాబట్టి ఇంజెక్షన్లే తగ్గించాయని అందరూ నమ్ముతారు. మూడోసారి కాళ్లు పట్టు తప్పి మెట్ల మీద కూలబడ్డాకే ఆ అమ్మాయి న్యూరాలజీ ఓపీకి వస్తుంది. అప్పుడు ఎర్ర మూత ఉన్న మందు సీసా తీసి, ఒక్కో కన్ను మూయించి చూపిస్తాం. ఎడమ కంటికి నిండుగా కనిపించిన ఎరుపు కుడి కంటికి వెలిసిపోయిన ఇటుక రంగులా కనిపిస్తుంది. టార్చి వెలుగును ఎడమ కంటి మీంచి కుడి కంటి మీదికి మారిస్తే, కుంచించుకోవలసిన కంటిపాప విప్పారుతుంది. పెద్దసారు మా చేతికి టార్చి ఇచ్చి నేర్పిన పరీక్ష ఇది. రెండేళ్ల కిందట తగ్గిపోయిందనుకున్న జబ్బు చూపు నరంలో కొంత భాగాన్ని తీసుకునే వెళ్లిందని ఆ కంటిపాప చెప్పేస్తుంది.

2020 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మంది ఈ జబ్బుతో బతుకుతున్నారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది కనీసం రెట్టింపు. ఎక్కువమందికి ఇరవై, నలభై ఏళ్ల మధ్యలో, అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చే వయసులో మొదలవుతుంది. చాలామందిలో మొదట ఎటాక్‌లుగా వచ్చి పోతూ ఉంటుంది. కొన్నేళ్లకు ఎటాక్ లేకుండానే నడక, చేతి పట్టు మెల్లగా తగ్గుతూ పోయే దశ రావచ్చు. కొద్దిమందిలో మొదటి నుంచే ఆ తీరుగా ముదురుతుంది.

ఎందుకొచ్చింది?

పాతతరం వాళ్లకు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు ఇంజెక్షన్లు గుర్తుండే ఉంటాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకాను గొర్రె మెదడు కణజాలంతో తయారుచేసేవారు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన ఆ టీకా కొద్దిమందికి మాత్రం పక్షవాతం తెచ్చిపెట్టేది. రేబీస్ వైరస్ వల్ల కాదు, టీకాతో పాటు ఒంట్లోకి వెళ్లిన మెదడు కణజాలం వల్ల. ఇలాంటి టీకాల వల్ల వచ్చే పక్షవాతమే న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ సంస్థలో థామస్ రివర్స్‌ను ఆలోచనలో పడేసింది. 1933లో ఆయన కుందేలు మెదడు సారాన్ని కోతులకు పదేపదే ఎక్కించి చూశాడు. కొన్ని కోతుల మెదడులో మైలిన్ ఊడిపోయింది. బయటి నుంచి ఏ సూక్ష్మజీవీ వచ్చి కొరకలేదు, ఆ కోతి సొంత రోగనిరోధక వ్యవస్థే దాని మైలిన్ మీద పడింది. ఎం.ఎస్.ను అర్థం చేసుకోవడానికి దారి అక్కడ తెరుచుకుంది.

తర్వాత చాలా దశాబ్దాలు నేరమంతా టీ కణాలదేనని అనుకున్నాం. రోగనిరోధక కణాల్లో టీ కణాలు, బీ కణాలు అని రెండు పెద్ద తెగలున్నాయి. బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి, టీ కణాలు నేరుగా కణాల మీద దాడి చేస్తాయి, మిగతా కణాలను నడిపిస్తాయి. బీ కణాలను తొలగిస్తే ఎం.ఎస్. తగ్గవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీఫెన్ హౌజర్ ప్రతిపాదించినప్పుడు ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ అది జరిగే పని కాదని తోసిపుచ్చింది. ఆయన పట్టు వదల్లేదు. రక్త క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ అనే మందును 104 మంది మీద పరీక్షించిన ఫలితం 2008లో వెలువడింది. మెదడులో కొత్తగా రాజుకునే మచ్చలు తొంభై శాతానికి పైగా తగ్గాయి. యాంటీబాడీల స్థాయిలో పెద్ద మార్పు రాకముందే ఆ మెరుగుదల కనిపించింది. దాంతో బీ కణం చేసే చేటు యాంటీబాడీ తయారీ ఒక్కటే కాదని, అది టీ కణాలను ఉసిగొల్పుతుందన్న ఊహ కూడా బలపడింది.

మరి బీ కణానికి ఈ బుద్ధి ఎక్కడిది? 2022 జనవరిలో హార్వర్డ్‌కు చెందిన ఆల్బెర్టో అస్కేరియో బృందం అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా యువతీయువకుల రికార్డులను, దాచిపెట్టిన రక్త నమూనాలను పరిశీలించి ఒక ఫలితం ప్రకటించింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తర్వాత ఎం.ఎస్. వచ్చే ముప్పు 32 రెట్లు పెరిగింది. మిగతా వైరస్‌ల తర్వాత అలా పెరగలేదు. ఈ వైరస్ కాపురముండేది బీ కణాల్లోనే. అదే నెలలో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఈ వైరస్‌లోని ఒక ప్రొటీన్‌కు, మన నాడీమండలంలోని గ్లియాల్‌కామ్ అనే ప్రొటీన్‌కు పోలిక ఉందని చూపించారు. దొంగను పట్టుకోబోయి అతని పోలికలున్న పక్కింటివాణ్ణి పట్టుకున్నట్టు, కొందరిలో వైరస్ కోసం పుట్టిన యాంటీబాడీ సొంత కణజాలం మీదికి మళ్లుతోంది. అయితే పెద్దయ్యేసరికి మనలో దాదాపు అందరికీ ఈ వైరస్ సోకే ఉంటుంది. అందులో ఎం.ఎస్. వచ్చేది చాలా కొద్దిమందికే. వైరస్ ఒక్కటే చాలదు. జన్యువులు, పొగతాగడం, విటమిన్ డి లోపం, చిన్ననాటి ఊబకాయం వంటివి కూడా తోడవుతాయి. అయినా బీ కణం దగ్గర ఈ కథలు రెండూ కలుస్తున్నాయి. హౌజర్, అస్కేరియోలు ఇద్దరికీ కలిపి 2025లో బ్రేక్‌త్రూ బహుమతి ఇవ్వడంలో ఔచిత్యం అదే.

ఏం చేయగలం?

ఇక పెద్దసారు ఊరుకోని ప్రశ్న. 1993లో అమెరికాలో తొలి ఇంటర్‌ఫెరాన్ అనుమతి పొందింది. ఎటాక్‌లను సుమారు మూడో వంతు తగ్గించగలిగింది. తర్వాత వచ్చిన నటలిజుమాబ్ రోగనిరోధక కణాలు రక్తంలోంచి మెదడులోకి దిగకుండా అడ్డుకుంది. చాలా బలమైన మందు. కానీ కాపలా తగ్గిన మెదడులో జేసీ అనే వైరస్ విజృంభించి ప్రాణాంతకమైన జబ్బు తెచ్చినందున 2005లో ఆ మందును వెనక్కి తీసుకుని, 2006లో కట్టుదిట్టమైన జాగ్రత్తలతో మళ్లీ అనుమతించారు. బీ కణాల మీద పనిచేసే ఒక్రెలిజుమాబ్ 2017లో వచ్చింది. ఎటాక్‌లను ఇంటర్‌ఫెరాన్‌తో పోలిస్తే దాదాపు సగానికి తగ్గించింది. మొదటి నుంచే ముదిరే రకానికి అనుమతి పొందిన తొలి మందు కూడా ఇదే. అక్కడ మాత్రం లాభం స్వల్పం. వైకల్యం ముదిరే ముప్పు 24 శాతం తగ్గింది.

ఇవన్నీ మందులు. ఇప్పుడు కణాలనే మందుగా వాడే ప్రయత్నాలు చూద్దాం.

మొదటిది రోగనిరోధక వ్యవస్థను తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం. రోగి ఎముక మూలుగలోని మూలకణాలను రక్తంలోకి రప్పించి, వడకట్టి, గడ్డకట్టించి దాచుతారు. తర్వాత బలమైన కీమోథెరపీతో పాత రోగనిరోధక కణాలను తొలగిస్తారు. దాచిన మూలకణాలను తిరిగి ఎక్కిస్తే వాటి నుంచి కొత్త వ్యవస్థ పెరుగుతుంది. ఎం.ఎస్.లో దీన్ని మొదట చేసింది గ్రీస్‌లోని థెస్సలొనికిలో అథనాసియోస్ ఫస్సాస్ బృందం. 1997లో ఫలితాలు ప్రకటించారు. కెనడాలోని ఒటావాలో మార్క్ ఫ్రీడ్‌మన్, హెరాల్డ్ అట్కిన్స్ 24 మందికి చాలా తీవ్రమైన పద్ధతిలో ఈ చికిత్స చేశారు. 2016లో ప్రకటించిన ఫలితాల్లో 23 మందిలో ఒక్క ఎటాక్ లేదు, స్కానులో ఒక్క కొత్త మచ్చ లేదు. మిగిలిన ఒక్కరు చికిత్స వల్లే చనిపోయారు. ఈ రెండు వాక్యాలూ కలిపే చెప్పాలి, ఒకటి చెప్పి రెండోది మింగేయకూడదు.

2019లో రిచర్డ్ బర్ట్ బృందం కాస్త మృదువైన పద్ధతిని 110 మంది మీద పరీక్షించింది. సగం మందికి మూలకణ మార్పిడి, సగం మందికి అప్పటి మందులు. మార్పిడి పొందినవారిలో జబ్బు ముదిరింది ముగ్గురికి, మందులు వాడినవారిలో 34 మందికి. మరణాలు లేవు. అయితే పోటీలో నిలిపిన మందుల్లో ఒక్రెలిజుమాబ్ లేదు. అందుకే ఇప్పుడు అలాంటి బలమైన మందులతో నేరుగా పోల్చే ట్రయల్స్ జరుగుతున్నాయి. ఈ అనుభవమంతా కలిపి చూస్తే ఒక విషయం స్పష్టం. యువతలో, ఎటాక్‌లు వస్తున్న దశలో, స్కానులో మంట (ఇన్‌ఫ్లమేషన్) కనిపిస్తున్నప్పుడు చేస్తే ఫలితం గొప్పగా ఉంది. ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో ఉన్నవారికి చేస్తే ప్రమాదం మిగులుతోంది తప్ప ప్రయోజనం దక్కడం లేదు. మంటను ఆర్పగలిగాం, చచ్చిన నరాన్ని లేపలేకపోయాం.

రెండోది కార్-టీ. దీని మూలం 1980ల చివర్లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్హార్ చేసిన పనిలో ఉంది. టీ కణానికి చంపే శక్తి ఉంది, యాంటీబాడీకి గురి కచ్చితంగా గుర్తుపట్టే శక్తి ఉంది. ఈ రెండింటినీ ఒక కృత్రిమ గ్రాహకంలో కలిపితే మనం చూపించిన కణాన్నే టీ కణం చంపుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్ల్ జూన్ దీన్ని చికిత్సగా మలిచాడు. 2012లో ఫిలడెల్ఫియాలో లుకీమియా మళ్లీ తిరగబెట్టిన ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాప ఈ చికిత్స పొందింది. కణాలు పనిచేయడం మొదలుపెట్టగానే ఒళ్లంతా ఉప్పెనలా మంట లేచి పాప వెంటిలేటర్ మీదికి వెళ్లింది. రక్త పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 విపరీతంగా పెరిగిందని తేలింది. దానికి విరుగుడైన టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు ఉందని జూన్‌కు తెలుసు, ఎందుకంటే ఆయన కూతురికే కీళ్లవాతం. ఆ మందుతో పాప తేరుకుంది, క్యాన్సర్ కూడా పోయింది. 2017లో అమెరికా ఆ చికిత్సకు అనుమతి ఇచ్చింది.

ఈ కణాలు ఎలా తయారవుతాయో కాస్త దగ్గరగా చూపిస్తాను. రోగి మంచం మీద పడుకుని ఉంటాడు. ఒక చేతి నుంచి రక్తం గొట్టం గుండా యంత్రంలోకి వెళ్తుంది. యంత్రం గిరగిరా తిప్పి తెల్లకణాలను వేరు చేసి, మిగతా రక్తాన్ని రెండో చేతిలోకి తిరిగి పంపిస్తుంది. కొన్ని గంటలు కదలకుండా ఉండాలి. సంచిలో చేరేది పలచని గులాబీ ఛాయ ద్రవం. ప్రయోగశాలలో అందులోంచి టీ కణాలను ఏరి, రోగం కలిగించే శక్తి తీసేసిన వైరస్ ద్వారా కొత్త జన్యువును వాటిలోకి చేరుస్తారు. కణాలను పెంచి, పరీక్షించి, గడ్డకట్టించి ఆసుపత్రికి పంపడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొత్త కణాలకు చోటు కల్పించడానికి ముందుగా రోగికి కొద్ది రోజులు కీమోథెరపీ ఇస్తారు. చివరికి ఎక్కించేది చిన్న సంచి, నిమిషాల పని. ఆ తర్వాతి రెండు వారాలు జ్వరం వస్తుందా, రక్తపోటు పడిపోతుందా, మాట తడబడుతుందా అని కనిపెట్టుకుని ఉండాలి. పూటపూటా నర్సు వచ్చి రోగి చేత ఒక వాక్యం రాయిస్తుంది. అక్షరం వంకర పోతే మెదడుకు సెగ తగులుతోందని అర్థం.

క్యాన్సర్ చికిత్స ఎం.ఎస్. దగ్గరికి ఎలా వచ్చింది? కార్-టీ గురిపెట్టేది బీ కణం మీదున్న సీడీ19 గుర్తును. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే ఆటోఇమ్యూన్ జబ్బులు పలువాటిలోనూ అదే బీ కణానికి పాత్ర ఉంది. 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గేఆర్గ్ షెట్ బృందం ఏ మందుకూ లొంగని లూపస్ ఉన్న ఇరవై ఏళ్ల యువతికి ఈ కణాలు ఇచ్చింది. జబ్బు మాయమైంది. 2024లో లూపస్, కండరాల వాపు, స్క్లెరోడెర్మా ఉన్న 15 మంది ఫలితాలు ప్రకటించారు. అందరికీ మేలు జరిగింది, రోగనిరోధక శక్తిని అణిచే మందులన్నీ ఆపేయగలిగారు. అన్నిటికంటే ఆశ్చర్యం ఇది. కొన్ని నెలలకు బీ కణాలు తిరిగి వచ్చాయి, జబ్బు రాలేదు. వచ్చినవి ఏ పాఠమూ నేర్వని పసి కణాలు. పాత పగ వాటికి తెలియదు. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ చాలావరకు నిలిచే ఉంది, ఎందుకంటే ఆ యాంటీబాడీలు తయారుచేసే దీర్ఘాయువు కణాల్లో చాలావాటి మీద సీడీ19 గుర్తు ఉండదు.

ఎం.ఎస్.లో దీనికి ఇంకో ఆకర్షణ ఉంది. రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ యాంటీబాడీలు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటి వెళ్లేది వాటిలో అత్యల్పం. లింఫు గ్రంథుల్లో కూడా బీ కణాలు కొన్ని మిగిలిపోతాయి. ముదిరిన ఎం.ఎస్.లో కొందరికి మెదడు పొరల్లో బీ కణాలు గుంపులుగా స్థిరపడి ఉంటాయి. జబ్బు మెల్లగా కాల్చేది అక్కడి నుంచి కూడానని భావిస్తున్నారు. టీ కణం బతికున్న కణం. అది గోడ దాటగలదు, వెతుక్కుంటూ వెళ్లగలదు, వెళ్లిన చోట సంఖ్య పెంచుకోగలదు. 2024లో హాంబర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఇద్దరు ఎం.ఎస్. రోగులకు ఈ చికిత్స చేసి, ఆ కణాలు వెన్ను ద్రవంలో కనిపించాయని, మెదడుకు తీవ్రమైన హాని జరగలేదని ప్రకటించింది. స్టాన్‌ఫర్డ్‌తో సహా పలుచోట్ల ముదిరిన దశ రోగులతో తొలిదశ ట్రయల్స్ మొదలయ్యాయి. చైనాలో వూహాన్ వైద్యులు ఎం.ఎస్.కు దగ్గరి బంధువైన న్యూరోమైలైటిస్ ఆప్టికా జబ్బులో మరో గుర్తు మీద గురిపెట్టే కార్-టీ కణాలను 12 మందికి ఇస్తే, ఆ పరిశీలన కాలంలో 11 మందికి ఎటాక్ రాలేదు.

ఇద్దరు, పదిహేను, పన్నెండు. ఈ అంకెలు ఎంత చిన్నవో గమనించండి. ఇవి తలుపు తెరిచాయి, ఇల్లు ఇంకా చూడలేదు. ఇన్ఫెక్షన్ల ముప్పు ఉంది. క్యాన్సర్ రోగుల్లో ఈ చికిత్స తర్వాత అరుదుగా టీ కణాల క్యాన్సర్ వచ్చిన దాఖలాలుండటంతో 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటి మీద తీవ్ర హెచ్చరిక ముద్రించాలని కోరింది. లుకీమియాతో ప్రాణం మీదికి వచ్చినవారు తీసుకునే సాహసం వేరు, ముప్ఫై ఏళ్ల వయసులో నడుస్తూ ఉద్యోగం చేసుకుంటున్న ఎం.ఎస్. రోగి తీసుకునే సాహసం వేరు.

మూడోది, కణాలకు నేర్పే దారి. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో దాడిని ఆపే ప్రత్యేక టీ కణాలను గుర్తించారు. మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటిని నడిపించే ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ఈ ముగ్గురికీ 2025 నోబెల్ బహుమతి దక్కింది. ఎం.ఎస్. రోగుల్లో ఈ నియంత్రక కణాలు ఉన్నా వాటి అదుపు శక్తి తగ్గిందని 2004లోనే డేవిడ్ హాఫ్లర్ బృందం చూపించింది. వాటిని బయట పెంచి తిరిగి ఇచ్చే చిన్న ప్రయోగం పోలండ్‌లో జరిగింది. మైలిన్‌ను సొంతదిగా గుర్తించమని నేర్పే డెండ్రిటిక్ కణాలను బార్సిలోనాలో తొలిదశలో పరీక్షించారు. భద్రంగానే ఉన్నాయి. పనిచేస్తాయా అన్నది పెద్ద ట్రయల్స్ చెప్పాలి. మిగతా వ్యవస్థ జోలికి పోకుండా తప్పు చేస్తున్న కణాన్ని మాత్రమే దారిలో పెట్టగలిగితే అంతకంటే కావలసింది లేదు.

ఆశ ఎలా తలకిందులవుతుందో కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో మైకేల్ పెండర్, రాజీవ్ ఖన్నా ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్న బీ కణాలను వేటాడే టీ కణాలను రోగి రక్తం నుంచే పెంచి ఎక్కించారు. 2018లో పదిమందిలో ఏడుగురికి మెరుగుదల కనిపించిందని ప్రకటించారు. చాలామందిమి ఉత్సాహపడ్డాం. ఆ ఆలోచనతోనే దాతల కణాలతో తయారుచేసిన ఉత్పత్తిని ఒక కంపెనీ ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్షించింది. 2023 నవంబరులో ఫలితం వచ్చింది, తేడా లేదు. మెసెంకైమల్ మూలకణాలు ఎక్కించి చూసిన 144 మంది అంతర్జాతీయ ట్రయల్ కూడా 2021లో అదే చెప్పింది. ప్రమాదం లేదు, మెదడు మచ్చల మీద ప్రభావమూ లేదు. ఎటాక్ వచ్చి దానంతటదే తగ్గే జబ్బులో ఏది ఇచ్చినా తగ్గినట్టే కనిపిస్తుంది. ఇందాకటి బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లకు ఎలా పేరొచ్చిందో, ఖరీదైన కణాలకూ అలాగే రావచ్చు. పోల్చి చూసే ట్రయల్ ఒక్కటే ఆ భ్రమను తొలగిస్తుంది.

మన దగ్గర

ఈ చర్చలో మన ప్రాంతానికి గర్వపడదగ్గ చోటుంది. రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, 2007లో విడుదల చేసింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. స్వీడన్ వైద్యులు ఏళ్ల తరబడి రిటుక్సిమాబ్‌నే ఎం.ఎస్.కు వాడి, 2022లో మరో ప్రామాణిక మందుతో పోల్చి చూపించారు. ఎటాక్ వచ్చినవారు ఆ మందులో 16 శాతం, రిటుక్సిమాబ్‌లో 3 శాతం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎం.ఎస్.కు అత్యవసర మందుల జాబితాలో దాన్ని చేర్చింది. బీ కణాన్ని అదుపు చేసే చికిత్స కోసం మన రోగి ఏ విదేశానికీ పోనక్కర్లేదు.

కార్-టీ కూడా మన గడప దాకా వచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. విదేశీ కార్-టీ ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ, అయినా లక్షల్లోనే. అనుమతి ఉన్నది కొన్ని రక్త క్యాన్సర్లకే, ఎం.ఎస్.కు కాదు. కానీ కణాలను తయారుచేసే చేతులు, పరీక్షించే ప్రయోగశాలలు మన దేశంలో సిద్ధమయ్యాయి. ఎం.ఎస్. ట్రయల్స్ ఇక్కడ జరగడానికి ఇక కావలసింది పూనిక.

ఇదే సమయంలో ఒక బాధ చెప్పకుండా ఉండలేను. ‘మూలకణాలతో ఎం.ఎస్. నయం’ అని ప్రకటనలు చూసి పొలం అమ్మి, బంగారం తాకట్టు పెట్టి వచ్చే కుటుంబాలను చూస్తున్నాం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త మూలకణాల మార్పిడికి ఆమోదించిన జబ్బులు తప్ప, మిగతా మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. నిజమైన ట్రయల్‌లో చికిత్స ఖర్చు రోగి మీద పడదు. అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది. ఎథిక్స్ కమిటీ ఆమోదపత్రం ఉంటుంది. హాని జరిగితే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉంటుంది. ఈ నాలుగూ అడగండి. తడుముకున్నా, విసుక్కున్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చివరిగా, ఇంత చెప్పాక నాకు తేలినది ఇది. పైన చెప్పిన కణ చికిత్సల్లో పనిచేసినవి మంటను ఆర్పుతాయి, ఏదీ చచ్చిన నరాన్ని తేలేదు. కాబట్టి రేపటి చికిత్స ఎంత గొప్పదైనా ఇవాళ మనం మిగుల్చుకున్న నరానికే అక్కరకొస్తుంది. కార్-టీ కోసం ఎదురుచూస్తూ అందుబాటులో ఉన్న మందు మానేయడమంటే, ఆ కార్-టీ వచ్చే రోజుకు దానికి పని లేకుండా చేసుకోవడమే. ఎదురుచూపు కూడా చికిత్సతోనే సాగాలి.

అందుకే ఈ సభ సాక్షిగా నాలుగు కోరికలు. ఒకటి, కన్ను మసకేసి నొప్పి పుట్టిన యువతకు బీ కాంప్లెక్స్ సూది కంటే ముందు ఎర్ర మూత సీసా, టార్చి పరీక్ష జరగాలి. ప్రతి జిల్లా ఆసుపత్రి వైద్యుడికీ ఇవి నేర్పడం ఒక పూట పని. రెండు, రిటుక్సిమాబ్ వంటి రుజువైన మందు జబ్బు తేలిన తొలి నెలల్లోనే పేద రోగికి ప్రభుత్వ ఆరోగ్య పథకాల ద్వారా చేరాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. అయితే మన బాధ్యత వైకల్యం వచ్చాక ధ్రువపత్రం ఇవ్వడంతో తీరదు, రాకుండా చూడటంతో మొదలవుతుంది. మూడు, తెలుగు రాష్ట్రాల ఎం.ఎస్. రోగులందరితో ఒక రిజిస్ట్రీ కావాలి. ఎవరికి ఎప్పుడు మొదలైంది, ఏ మందుకు ఎలా స్పందించారు అన్నది తెలియకుండా ట్రయల్‌కు ఎవరిని పిలుస్తాం? నాలుగోది యువ వైద్యులకు. క్యాన్సర్ వార్డుకూ న్యూరాలజీ వార్డుకూ మధ్య ఉన్న తలుపు తెరవండి. కార్-టీ తెలిసినవాళ్లు అటు ఉన్నారు, ఎం.ఎస్. తెలిసినవాళ్లు ఇటు ఉన్నారు. కీళ్లవాతం మందు లుకీమియా పాపను కాపాడింది, లుకీమియా చికిత్స లూపస్ యువతికి ఊపిరి పోసింది. తర్వాతి మలుపు ఎం.ఎస్.ది కావాలంటే, దానికి కావలసిన రోగులు, వైద్యులు, ప్రయోగశాలలు మన దగ్గరే ఉన్నాయి. ఆ పని మీరు చేయాలని, చేస్తారని నమ్ముతున్నాను.